చెట్టుకు కాయ, చెట్టు మీద కోతి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా చెల్లె బిడ్డ తన ఇంగ్లీషు వర్క్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. ఆరో తరగతి చదువుతోంది. ఖాళీలు నింపే పేజీ అది. పైన డబ్బా గీసి ఇన్, ఆన్, ఎట్, టు, ఫ్రమ్, బై అని ఇచ్చారు, కింద పది వాక్యాలు. పదిలో నాలుగే ఒప్పు. మిగిలిన ఆరింటి మీద ఎర్ర గీతలు. వాటిలో రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మామిడిచెట్టుకు కాయలున్నాయని ఒకటి, అదే చెట్టు మీద కోతి ఉందని ఇంకోటి. కాయల వాక్యంలో పిల్ల 'టు' రాసింది, కోతి వాక్యంలో 'ఆన్' రాసింది. రెండూ కొట్టేసి, కాయలకు 'ఆన్', కోతికి 'ఇన్' అని పక్కన దిద్దారు.

"టు ఎందుకు రాసినవ్ బిడ్డా?" అని అడిగాను.

"చెట్టుకు కాయలుంటయ్ గద పెద్దమ్మా. చెట్టు మీద కాయలుంటయ్ అంటమా?"

హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెబుతున్నాను. 'టు' అంటే కు, 'ఆన్' అంటే మీద, 'ఇన్' అంటే లో అని నేనే ఎన్ని వందల సార్లు బోర్డు మీద రాసి ఉంటానో. పిల్ల సరిగ్గా ఆ లెక్క ప్రకారమే చేసింది. కాయలు చెట్టుకు ఉంటాయి కాబట్టి 'టు'. కోతి చెట్టు మీద ఉంటుంది కాబట్టి 'ఆన్'. లెక్కే తప్పయితే చేసిన పిల్లను ఏమనాలి?

ఆ మధ్యాహ్నమంతా నా మనసు దాని చుట్టే తిరిగింది. గోడకు గడియారం, గోడ మీద బల్లి. వేలికి ఉంగరం, వేలి మీద చీమ. తలకు నూనె, తల మీద గంప. తగిలించినది, తొడిగినది, పూసినది, కాసినది ఏదైనా తెలుగులో 'కు' తీసుకుంటుంది. వచ్చి వాలినది, ఎక్కినది, కాసేపట్లో పోయేది అయితే 'మీద' తీసుకుంటుంది. ఈ తేడా నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. అయినా తెలుగు నాట మూడేళ్ల పిల్ల కూడా వేలి మీద ఉంగరం పెట్టుకున్నానని అనదు. ఇంగ్లీషుకు ఈ తేడా పట్టదు. గడియారమైనా, బల్లయినా, ఉంగరమైనా దానికి 'ఆన్' ఒక్కటే. మనకు పట్టని తేడా ఒకటి దానికి పడుతుంది. కొమ్మల నడుమ, ఆకుల చాటున కూర్చున్న కోతిని అది చెట్టు లోపల ఉన్నట్టు చూస్తుంది. చెట్టుకు ఒక లోపలి జాగా ఉందని దాని ఊహ.

రాత్రి అన్నం తింటూ ఇదంతా చెబుతుంటే మా అమ్మ, "ఈసారి చెట్టు మీద ఒక్క కాయ ఉంచలే కోతులు" అన్నది. నా సూత్రం అక్కడే ఆగిపోయింది. కాయను కూడా చెట్టు మీద అంటున్నాం కదా! కొంచెంసేపు అన్నం కలుపుతూ ఆలోచిస్తే సంగతి తెలిసింది. "చెట్టుకు ఒక్క కాయ లేదు" అంటే చెట్టు కాయలేదని. "చెట్టు మీద ఒక్క కాయ లేదు" అంటే కాసినవి పోయాయని. మొదటిది చెట్టు మీద ఫిర్యాదు, రెండోది కోతుల మీద ఫిర్యాదు. మా అమ్మ నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. ఒక్క ప్రత్యయం మార్చి నేరం ఎవరిదో తేల్చేసింది.

ఇంటికెల్లి

అదే వారం అదే పిల్ల తెలుగు నోట్సు కూడా చూశాను. 'నా ప్రయాణం' అని ఒక పేజీ రాయమన్నారట. "మేము ఇంటికెల్లి పొద్దున్నే బయలుదేరినము" అని మొదలుపెట్టింది. 'ఇంటికెల్లి' మీద గీత, పైన 'ఇంటి నుంచి'. ఇంకొంచెం కిందికి వస్తే "బస్సుల కిటికీలకెల్లి చెరువు కనపడ్డది". దాని మీద కూడా గీత, పైన మళ్లీ 'నుంచి'. మూడోచోట "కట్ట మీదికెల్లి నడిచినము" అని ఉంది. అక్కడ దిద్దేవాళ్లకు 'నుంచి' కుదరలేదు. కట్ట మీద నుంచి నడిచాము అంటే కట్ట దగ్గర మొదలుపెట్టారా, కట్ట మీదుగా పోయారా తెలియదు. అందుకని వాక్యం మొత్తం కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

దిద్దిన టీచర్ మీద నాకు కోపం లేదు. వారానికి రెండు వందల నోట్సులు దిద్దే మనిషికి ప్రతి మాట దగ్గరా ఆగడం కుదరదని నాకు తెలుసు. కానీ ఆ మూడు గీతల్ని చూస్తే బాధ వేసింది. ఎందుకంటే ఇంగ్లీషులో పిల్లలు ఎక్కువగా తడబడే మాటల మూట ఆ 'కెల్లి'లో ఉంది.

ఇంటికెల్లి వచ్చిన. పొద్దటికెల్లి ఏం తినలే. కిటికీలకెల్లి చూసింది. గోడ మీదికెల్లి దునికిండు. ములుగు రోడ్డుకెల్లి పోతే దగ్గర. ఈ అయిదింటికి ఇంగ్లీషులో వరసగా ఫ్రమ్, సిన్స్, త్రూ, ఓవర్, వయా కావాలి. అయిదు వేర్వేరు మాటలు. మన దగ్గర ఒకటే కెల్లి. అయిదు చోట్లా ఒకే సంగతి ఉంది: ఒక జాగాను, లేదా ఒక వేళను, దాటుకుంటూ రావడం. ఇంట్లో కెల్లి అనే పిల్లకు ఆ దాటుడు తెలుసు. ఆమెకు నేర్పాల్సింది, ఇంగ్లీషువాళ్లు ఆ ఒక్క దాటుడును అయిదు ముక్కలు చేసుకున్నారని, ఏ ముక్క ఎక్కడ వాడతారని. 'కెల్లి' తప్పని గీత కొట్టిన మరుక్షణం ఆ మొదలు పోతుంది. 'నుంచి'తో మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. అందులోకి గోడ దునుకుడు రాదు, ములుగు రోడ్డు రాదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. పిల్లల నోటిలో ఉన్న కాడ, కెల్లి, దాంక, తోని, ల అనే మాటలు వ్యాకరణమే. ఒక వస్తువుకు ఇంకో వస్తువుతో ఉన్న సంబంధాన్ని ఆ పిల్లలు మొదట పట్టుకున్నది ఆ మాటలతో. వాటిని తెలుగు పీరియడ్‌లో కొట్టేసి, తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషు ప్రిపొజిషన్లు రావడం లేదని బాధపడుతున్నాం.

డుమువుల్లో లేనివి

మా తరం బడిలో విభక్తులు గొంతెత్తి చదివింది. డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి, అట్లా సప్తమి దాకా. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ వరసంటే నాకు ప్రేమ. అయితే ఒకసారి దాన్ని కాగితం మీద రాసుకుని చూడండి. పంచమిలో వలనన్, కంటెన్, పట్టి ఉన్నాయి. 'నుంచి' లేదు. 'కెల్లి'ని కొట్టేసి ఎర్ర సిరాతో రాసిన ఆ 'నుంచి'కి కూడా మనం బట్టీ పట్టిన వరసలో చోటు లేదు. మీద, కింద, దగ్గర కూడా లేవు. కు, కి షష్ఠిలో ఉన్నాయి, యొక్క పక్కన. దానం ఇచ్చినా, ఊరికి పోయినా, మూడు గంటలకు లేచినా, చెట్టుకు కాయ కాసినా పని చేసేది ఈ కు, కి. వాటిని 'యొక్క' పక్కన కూర్చోబెట్టారు. సంస్కృతంలో ఉన్న ఏడు గదుల్లో తెలుగు సామాను సర్దేటప్పుడు ఇట్లాంటివి జరుగుతాయి.

గదుల్లో పట్టకుండా బయట మిగిలినవి చాలావరకు పేర్లు, క్రియలు. మీద, కింద, ముందు, వెనక అనేవి జాగాల పేర్లు. అందుకే వాటికి మళ్లీ ప్రత్యయం తగులుతుంది: కిందికి, వెనకకు, మీదికెల్లి. గదుల్లో ఉన్న గురించి, కూర్చి, పట్టి అయినా, బయట మిగిలిన నుండి అయినా క్రియలు అరిగి మిగిలిన రూపాలే. గురించడంలో గురి ఉంది, నుండిలో ఉండడం ఉంది. 'కెల్లి'లో నా చెవికి 'ఎల్లి' వినిపిస్తుంది, ఎల్లిపోవడంలోని ఎల్లి. నుండి గౌరవంగా పుస్తకంలోకి ఎక్కింది, కెల్లి ఎక్కలేదు. పుట్టుక చూస్తే రెండూ ఒకే రకం మాటలు.

చిన్నయసూరి బాలవ్యాకరణంలో నాకు బాగా నచ్చేది ఔపవిభక్తికాల సంగతి. ఇల్లుకు ప్రత్యయం నేరుగా తగలదు, ముందు 'ఇంటి' కావాలి. ఊరు ఊరి, చెయ్యి చేతి, కన్ను కంటి, నోరు నోటి. ఇ, టి, తి. మా గల్లీలో నాలుగేళ్ల పిలగాడు "ఇల్లుకెల్లి" అనడు, "ఇంటికెల్లి" అంటాడు. 'కెల్లి' తప్పుమాట అనుకుంటే, ఆ తప్పుమాట ఇంత పద్ధతిగా సూత్రాన్ని పాటిస్తుందా?

విభక్తి ఎంత పని చేయగలదో పోతన దగ్గర చూడాలి. ఆయన ఊరు బమ్మెర మాకు దూరమేం కాదు. గజేంద్రమోక్షంలో ఏనుగు మొర మొదలయ్యే పద్యం అందరికీ వచ్చు. ఎవ్వనిచే పుడుతుంది, ఎవ్వని లోపల ఉంటుంది, ఎవ్వనియందు డిందుతుంది అని జగత్తు గురించి అడుగుతాడు. చే, లోపల, అందు. పుట్టుక, ఉనికి, లయం ఆ మూడు ప్రత్యయాల మీద నిలబడ్డాయి. ఎవ్వడు అనే మాట మారలేదు, దాని తోక మారింది. పిల్లలకు విభక్తులు చెప్పేటప్పుడు పట్టిక ముందు కాకుండా ఈ పద్యం ముందు పెడితే ఎంత బాగుంటుందో అని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇంట్ల, ఇంటికాడ

ఇప్పుడు నా క్లాసులో చేస్తున్నది చెబుతాను. 'ఎట్'కు తెలుగు అర్థం ఏమిటని అడిగితే వద్ద, దగ్గర, లో, కి అని నాలుగు చెప్పేదాన్ని. పిల్లలు ఆ నాలుగూ రాసుకుని ఎక్కడ ఏది పెట్టాలో తెలియక కూర్చునేవాళ్లు. ఇప్పుడు అర్థం చెప్పడం మానేశాను. "మీ నాన్న ఇంట్ల ఉన్నడా, ఇంటికాడ ఉన్నడా?" అని అడుగుతాను. రెండింటికీ తేడా ఏమిటని అడిగితే నవ్వుతారు, ఇది కూడా అడుగుతారా అన్నట్టు. ఆ తర్వాత ఎవరో ఒకరు చెబుతారు. ఇంటికాడ అంటే వాకిట్లో ఉండొచ్చు, బాయి కాడ ఉండొచ్చు, బయటికి మాత్రం పోలేదు. ఇంట్ల అంటే నాలుగు గోడల లోపల.

ఇన్, ఎట్ అంతే. బడికాడ అంటే ఎట్, బడిల అంటే ఇన్. హన్మకొండ చౌరస్తా కాడ దిగు అంటే ఎట్. చౌరస్తాను ఒక చుక్కలా చూస్తున్నాం, దానికి లోపలంటూ లేదు. హన్మకొండల ఉంటున్న అంటే ఇన్, ఎందుకంటే అప్పుడు ఊరు మన చుట్టూ ఉంది. మా గల్లీలో ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో కూడా ఘర్ పే వేరు, ఘర్ మే వేరు. ఆ ఇళ్ల పిల్లలు నా క్లాసులో ఈ తేడాను అందరికంటే ముందు పట్టుకున్నారు.

వేళల సంగతి ఇంకా తేలిక. మూడు గంటలకు, సోమవారం నాడు, ఎండకాలంల. చుక్క లాంటి వేళకు 'కు', రోజుకు 'నాడు', పెద్ద కాలానికి 'ల'. ఇంగ్లీషు కూడా ఎట్, ఆన్, ఇన్ అని అదే మూడు మెట్లు ఎక్కుతుంది. మెట్ల పేర్లు వేరు. మీద అనే అర్థంతో సోమవారం ముందు 'ఆన్' ఎందుకు వస్తుందని తల పట్టుకునే పిల్ల, "ఆన్ అంటే ఇక్కడ నాడు" అనగానే పండుగ నాడు, పుట్టినరోజు నాడు, పెండ్లి నాడు అని తానే పది వాక్యాలు చేసుకుంటుంది.

తప్పు ఎక్కడ పుడుతుందో కూడా ఇంటి మాటే చూపిస్తుంది. అయిదింటికల్లా వస్తానని చెప్పబోయి పిల్లలు 'అంటిల్ ఫైవ్' అంటారు. ఎందుకంటే మనం 'వరకు'ను రెండు పనులకూ వాడతాం. "అయిదు వరకు వస్త" అంటే అయిదులోపు రావడం, "అయిదు వరకు ఉంట" అంటే అయిదు అయ్యేదాకా ఉండడం. 'కల్లా'కు, 'దాంక'కు ఆ గందరగోళం లేదు. "అయిదింటికల్లా వస్త, ఏడింటిదాంక ఉంట." కల్లా అనిపిస్తే బై, దాంక అనిపిస్తే అంటిల్. ఈ ఒక్క వాక్యం చెప్పిన రోజు నా క్లాసులో ఆ తప్పు సగానికి సగం పోయింది.

మాటకు మాట అంటించే పద్ధతి ఇంగ్లీషు క్లాసు దాటి ఎంత దూరం పోయిందో ఒక ఆటో ప్రయాణంలో చూశాను. ఎనుమాముల దిక్కు ఒక కొత్త కాలనీకి పోవాలి. ఫోన్‌లో దారి చెప్పే గొంతు తెలుగులో పెట్టుకున్నాను. "200 మీటర్లలో ఎడమకు తిరగండి" అంది. ఆటో అన్న బండి నెమ్మది చేసి, "200 మీటర్లల్ల ఎక్కడ తిరుగాలె మేడమ్?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 200 మీటర్లలో అంటే ఆ 200 మీటర్ల లోపల ఎక్కడైనా కావచ్చు. 200 మీటర్లు పోయినంక అనాలి. ఇంగ్లీషు 'ఇన్' కనబడగానే ఎవరో 'లో' పెట్టేశారు. నేను ఇన్నేళ్లు బోర్డు మీద రాసిందే ఆ గొంతు కూడా చెబుతోంది.

మాట జాగా

తెలుగులో మాటలు ఎట్లా పెట్టినా నడుస్తుందని, ఇంగ్లీషులో వరస తప్పితే అర్థం మారుతుందని మనకు నేర్పుతారు. నేనూ అట్లాగే నేర్పాను. ఇది సగమే నిజం.

"అన్న మందులు తెచ్చిండు", "మందులు అన్న తెచ్చిండు". రెండింటిలోనూ తెచ్చింది అన్నే, తెచ్చింది మందులే. కానీ ఏం తెచ్చిండని అడిగితే రెండోది చెప్పం, ఎవరు తెచ్చిన్రని అడిగితే మొదటిది చెప్పం. క్రియకు ఆనుకుని ముందున్న జాగా పెద్దపీట. కొత్త సంగతి అక్కడ కూర్చుంటుంది. ప్రశ్న మాట కూడా ఎక్కువగా అక్కడికే వస్తుంది. కాబట్టి మన మాటలకు స్వేచ్ఛ ఉన్న మాట నిజం, కానీ కదిపిన ప్రతిసారీ అర్థం కొంచెం ఒరుగుతుంది.

స్వేచ్ఛ బొత్తిగా లేనిది ప్రత్యయానికి. భద్రకాళి చెరువు కట్ట మీదికెల్లి అనే వరసలో ఒక్క ముక్క కదలదు. ఇంగ్లీషులో ఇదే చెప్పాలంటే వరస అద్దంలో చూసినట్టు పూర్తిగా తిరుగుతుంది: కెల్లి, మీది, కట్ట, చెరువు, భద్రకాళి. ఇది యాదృచ్ఛికం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషావేత్త 30 భాషల్ని పక్కపక్కన పెట్టి చూసి 1963లో అచ్చువేసిన వ్యాసంలో చెప్పాడు. క్రియ చివర వచ్చే భాషల్లో దాదాపు ఎప్పుడూ సంబంధం చెప్పే మాట నామవాచకం తర్వాతే వస్తుందని. తెలుగు, ఉర్దూ, జపనీస్, తుర్కీ అన్నీ ఆ దారే. అంటే 'ఇన్' ముందు రావడం, 'లో' వెనక రావడం విడి విషయాలు కావు. వాక్యం మొత్తం ఏ దిక్కు చూస్తోందో దాన్ని బట్టి అవి నిలబడతాయి. 'ప్రిపొజిషన్లు' అని వేరే పాఠం పెట్టి, 'వాక్య నిర్మాణం' అని ఇంకో పాఠం పెట్టి నేర్పితే పిల్లలకు ఈ అద్దం ఎప్పటికీ కనబడదు.

మా ఊరి పేరులోనే ఆ రెండు దిక్కులూ ఉన్నాయి. వరంగల్ కోట అంటే తెలుగు వరస, ఖిలా వరంగల్ అంటే ఫార్సీ వరస. రెండోదాంట్లో కోట ముందుకొచ్చింది, ఊరు వెనక్కి పోయింది. ఆటోవాళ్లు, బస్సువాళ్లు రెండూ అంటారు, ఎవరికీ తికమక లేదు. ఎదురెదురు వరసలు రెండు ఒకే తలలో పడతాయనడానికి పిల్లలకు నేను చూపించే ఉదాహరణ అదే.

కోసిన కత్తి

వీటన్నిటిలో నన్ను ఎక్కువ రోజులు ఆలోచింపజేసింది ఒకటుంది. కోసిన పిల్ల, కోసిన కూరగాయ, కోసిన కత్తి, కోసిన పీట. నాలుగింటికీ ముందున్నది ఒకే మాట, కోసిన. కోసింది పిల్ల, కోయబడింది కూరగాయ, కత్తితోని కోసింది, పీట మీద కోసింది. ఆ తోని, ఆ మీద ఏమయ్యాయి? తెలుగు వాటిని మింగేసింది. వినేవాళ్ల మీద నమ్మకంతో వదిలేసింది. ఆ నమ్మకం ఒక్కోసారి తప్పుతుంది. "మేము వచ్చిన ఊరు" అంటే విడిచి వచ్చిన ఊరా, చేరిన ఊరా, ముందూ వెనకా వింటే గాని తెలియదు.

ఇంగ్లీషు మింగదు. కత్తి ముందుకు పోయినా 'విత్' ఎక్కడో అక్కడ మిగలాలి. పిల్లలు 'ద నైఫ్ ఐ కట్' అని ఆపేస్తే మనం గీత కొడతాం. ఆ గీత పక్కన, మీ అమ్మ మాటలో 'తోని' ఇక్కడ దాక్కుంది, ఇంగ్లీషులో దాన్ని బయటికి తీసి చివర పెట్టాలి అని చెబితే ఎంత తేలిక. చివర పెట్టడానికి కూడా మనం భయపెట్టాం. వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించకూడదని నాకు బీఈడీలో చెప్పారు, నేను పిల్లలకు చెప్పాను. తర్వాత ఆ నియమం ఎక్కడిదో వెతుక్కున్నాను. 1672లో కవి డ్రైడెన్ తన కంటే ముందుతరం రచయిత బెన్ జాన్సన్ వాక్యంలో దాన్ని తప్పుపట్టాడు, తన రాతలో కూడా ఆ తప్పు ఉందని ఒప్పుకున్నాడు. 1762లో, తర్వాత బిషప్ అయిన రాబర్ట్ లోత్ తన వ్యాకరణంలో, అది మాటల్లో చెల్లుతుంది గానీ గంభీరమైన రాతలో ముందు పెట్టడం అందం అని రాశాడు. నిషేధం అనలేదు. ఆ మాట చెప్పే వాక్యంలోనే ప్రిపొజిషన్‌ను చివర వదిలాడు. వాళ్లిద్దరి అభిరుచి ఎన్నో చేతులు మారి నా క్లాసుకు వచ్చేసరికి నేరమైంది. దానికి భయపడి, 'ద నైఫ్ ఐ కట్ ఇట్ విత్' అని చక్కగా చెప్పగలిగే పిల్లతో నేను 'విత్ విచ్' అనిపించేదాన్ని. ఆమె మధ్యలోనే మానుకునేది.

ఒప్పుకోవాల్సినవి

ఈ వాదన విన్న మా పాత సహోద్యోగి ఒకాయన, ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి, ఒక్కటే అడిగారు: "అన్నీ అట్ల కుదురుతయా అమ్మా?" కుదరవు. కుక్కకు భయపడతాం, ఇంగ్లీషులో 'ఆఫ్' రావాలి. ఒకరి మీద కోపం వస్తుంది, అక్కడ 'విత్' రావాలి. ఒక విషయం గురించి చర్చిస్తాం, ఇంగ్లీషులో ఆ 'గురించి'కి మాటే ఉండకూడదు. ఒకరితోని పెండ్లి అవుతుంది, అక్కడ 'టు' రావాలి. వీటికి ఏ జాగా బొమ్మా సాయం రాదు. ఒక్కో క్రియ ఒక్కో ప్రత్యయంతో ఎన్ని వందల ఏళ్లుగానో కాపురం చేస్తోంది. తెలుగులోనూ అంతే. నమ్మితే 'ని', భయపడితే 'కి', ఆధారపడితే 'మీద'. ఎందుకని ఎవరడిగినా చెప్పలేం. ఇవి బట్టీ పట్టాల్సినవే. ఆయన మాట నేను తీసుకున్నాను.

గుంటూరు దిక్కు స్నేహితురాలు ఇంకో మాట అన్నది. ఇంట్లో, ఇంటి దగ్గర అని మేమూ తేడా చూపిస్తాం కదా, ఇందులో కాడ గొప్ప ఏముందని. నిజమే. నా వాదన కాడ గొప్పదని కాదు. ఆమె పిల్లలకు దగ్గరతో చెప్పాలి, మా పిల్లలకు కాడతో చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో లంబాడా పిల్లలున్నారు, ములుగు దిక్కు కోయ పిల్లలున్నారు. వాళ్లకు ఇంటి మాట తెలుగే కాదు. వాళ్ల భాషల్లోనూ సంబంధం చెప్పే మాట వెనకే వస్తుంది. ఇంటికాడకు, ఇంట్లకు మీ అమ్మ ఏమంటదని అడిగి, వాళ్ల చేతనే బోర్డు మీద రాయిస్తున్నాను.

ఇంకో సందేహం నా మీద నాకే ఉంది. ఈ వ్యాసమంతా నేను 'నుంచి' అనే రాశాను. ఉదాహరణల్లో తప్ప 'కెల్లి' ఎక్కడా రాయలేదు. అందరూ చదివే రాతకు ఒక ఉమ్మడి రూపం ఉండాలని నమ్ముతాను కాబట్టి. పరీక్షలో మా పిల్ల కూడా 'నుంచి' రాయాలి, లేకపోతే మార్కులు పోతాయి. అది నేర్పడానికి 'కెల్లి' తప్పని చెప్పాల్సిన పని లేదు. బడిలో యూనిఫాం వేసుకోవాలి అని చెబుతాం, ఇంటి బట్టలు పాడు బట్టలని చెప్పం. ప్రతి ఏడూ సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. బడుల్లో దండలు వేస్తాం, పిల్లల చేత కవితలు చదివిస్తాం. ఆయన జీవితమంతా అడిగింది, జనం నోటి మాటకు రాతలో మర్యాద ఇమ్మని. మరునాడు నోట్సు దిద్దేటప్పుడు ఆ మర్యాద గుర్తుండాలని నా కోరిక. 'ఇంటికెల్లి' కింద గీతకు బదులు, పక్కన "పుస్తకంలో: ఇంటి నుంచి" అని రాస్తే చాలు. అదే సిరా, అదే సమయం.

మా పిల్లకు ఇప్పుడు ఒక నోట్సు పెట్టించాను. ముందు పేజీల్లో ఇంటి మాటతో కుదిరేవి రాస్తుంది, వెనక పేజీల్లో కుదరక బట్టీ పట్టాల్సినవి రాస్తుంది. ముందు దిక్కు ఇంటికాడ, పండుగ నాడు, అయిదింటికల్లా చేరాయి. చెట్టు కోసం ఒక పేజీ పూర్తిగా ఇచ్చింది, బొమ్మ వేసి. కాయకు ఒక రంగు, కోతికి ఒక రంగు. నిన్న రాత్రి వాళ్లమ్మ ఎవరితోనో మాట్లాడుతుంటే, "పెద్దమ్మా, అమ్మ ఫోన్ల మాట్లాడుతున్నది అంటే 'ఇన్ ద ఫోన్' గద?" అని అడిగింది. 'ఆన్' అన్నాను. ఫోను మీద ఎట్లా మాట్లాడతారు, గోడకు గడియారం లెక్కనా, సోమవారం నాడు లెక్కనా అని అడిగింది. ఇద్దరం కాసేపు అన్ని రకాలుగా తిప్పి చూశాం. ఏదీ కుదరలేదు. నోట్సు తిరగేసి వెనక పేజీలో రాసుకుంది.